పెళ్లికారుకు అడ్డం పడిన కర్ర

శనివారం ఉదయం జెనోన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తమ్ముడి ఊరికి వెళ్లి, గట్టి పోల్‌వాల్ట్ కర్ర ఒకటి అరువు తెచ్చి, పోటీ ముగిసేలోగా కూతురు కలీనా చేతిలో పెట్టాలి. నాలుగు మీటర్లు దాటితేనే ఆమెకు పోలండ్ జూనియర్ జట్టులో చోటు. వసంతం మొదలైనప్పటి నుంచీ ఆ ఎత్తులో పెట్టిన అడ్డకర్ర ఆమెకు తగిలి పడిపోతూనే ఉంది. తప్పంతా చేతిలోని పాత కర్రదేనని తండ్రీ కూతుళ్లు ఏకగ్రీవంగా తేల్చేశారు.

కోచ్ లుద్మీలా మాత్రం ఒప్పుకోలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస. ఆఖరి అడుగు మరీ ముందుకు పడుతోందమ్మాయ్. పరుగు మొదలెట్టే గుర్తు ఓ బూటంత వెనక్కి జరుపు. కర్ర సంగతి తర్వాత చూద్దాం."

"ఆ చోటు నాకు అచ్చొచ్చింది మేడమ్," అంది కలీనా. అచ్చొచ్చినట్టు దాఖలాలేమీ లేవు.

తిరుగుదారిలో ఒక పల్లె మధ్య జెనోన్ కారు మీద తాడు వదులైంది. కర్ర జారి రోడ్డుకు అడ్డంగా పడింది. అతను దిగి ఎత్తబోతుండగానే పూలు కట్టిన పెళ్లికారు వచ్చి ఆగింది. అక్కడి పద్ధతి ప్రకారం పెళ్లివారి దారికి ఎవరైనా అడ్డం పెడితే, వోడ్కా ఇచ్చుకుని గాని కదలకూడదు. తోడు పెళ్లికొడుకు సీసాతో దిగాడు.

"అడ్డం పెట్టలేదు బాబూ. ఇది మా అమ్మాయిది," అన్నాడు జెనోన్.

"బేరమాడ్డం బాగానే తెలుసే మీకు. సరే, అమ్మాయి పేరు మీద ఇంకోటి," అంటూ అతను రెండో సీసా కూడా చేతిలో పెట్టాడు.

రెండు చేతులా సీసాలు పట్టుకుని కర్ర ఎత్తడం ఎవరి తరం? ఈలోగా ఊరివాళ్లు బయటికొచ్చి, ఒక కొస పైకెత్తి పెళ్లికారును సాగనంపి, కర్రను మళ్లీ శ్రద్ధగా రోడ్డుకు అడ్డం పెట్టేశారు.

"తియ్యకండి. ఇంత పొడుగు అడ్డం మా తాతల నాడూ చూళ్లేదు. వెనకాల ఇంకో పెళ్లుంది," అన్నాడో ముసలాయన.

ఆ రెండో పెళ్లి బస్సుకు చర్చి వేళ మించిపోతోంది. అది ఆగలేదు.

మైదానంలో కలీనాకు ఆఖరి ప్రయత్నం ఒక్కటే మిగిలింది. నాన్న లేడు, గట్టి కర్ర లేదు, ఏడుపు తన్నుకొస్తోంది.

"ఇప్పుడేం చెయ్యను మేడమ్?"

"చేతిలోది మార్చడానికి లేదుగా. కాలు పడే చోటు మార్చు," అంది లుద్మీలా.

దిక్కులేక కలీనా గుర్తు వెనక్కి జరిపి పరుగెత్తింది. ఆఖరి అడుగు సరిగ్గా పడాల్సిన చోట పడింది. పాత కర్ర మునుపెన్నడూ లేనంతగా వంగి ఆమెను పైకి విసిరింది. అడ్డకర్ర కదల్లేదు. ఎన్నడూ నవ్వని లుద్మీలా, కలీనా దిగిన పరుపు మీదికెక్కి మరీ పిల్లను కావిలించుకుంది.

అప్పుడొచ్చాడు జెనోన్, రొప్పుకుంటూ.

"నాన్నా, పాతదాంతోనే దాటేశా. జట్టులో ఉన్నా."

జెనోన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. "అంటే గట్టి కర్ర అక్కర్లేదన్నమాట. నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా," అన్నాడు.

"అక్కర్లేకపోవడమేంటి, ఇప్పుడే కావాలి," అంది లుద్మీలా. "కాలు కుదిరింది కదా, ఇక ఆ పాతది పిల్లకి మరీ మెత్తన. రేపట్నుంచి గట్టిదాంతోనే సాధన. తెచ్చారుగా?"

జెనోన్ తన కారు వైపు చూశాడు.

"తెచ్చా," అన్నాడు. "ఏ ముక్క కావాలో చెప్పండి."