మా శాఖ తరలివెళ్ళిన వైనం

"మారుమూల ప్రాంతాల అభివృద్ధి శాఖ ఇకపై రాజధానిలో ఉండదు. మారుమూలే ఉంటుంది!" అని మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ శాఖ ఉద్యోగులమే. అలవాటు కొద్దీ కొట్టేశాం. ఆయన ఏమన్నారో తర్వాత పక్కవాళ్ళని అడిగి తెలుసుకున్నాం.

మర్నాటి నుంచి ఆఫీసు ఆరోగ్యం క్షీణించింది. అకౌంట్సు సెక్షన్‌కి గుండెదడ. ఎస్టాబ్లిష్‌మెంటుకి మోకాళ్ళు. సూపరింటెండెంటుకి లిఫ్టులో నిలబడినా ఆయాసం. నాకు నడుంనొప్పి వచ్చింది. డాక్టరు మరీ మంచివాడు, "ఏ వైపు రాయమంటారు?" అని కూడా అడిగాడు.

మా డైరెక్టరుగారు మనసున్న మనిషి. 'మార్పును ప్రేమిద్దాం' అని వర్క్‌షాపు పెట్టించారు. సూటు వేసుకున్న కన్సల్టెంటు ఒకడొచ్చి, కళ్ళు మూసుకుని కొత్త ఊరిని ఊహించుకోమన్నాడు. సగంమంది భోజనం వేళ దాకా కళ్ళు తెరవలేదు. అంతటితో ఆగకుండా, తరలింపును పర్యవేక్షించడానికి రాజధానిలోనే ఒక సమన్వయ విభాగం పెట్టి డైరెక్టరుగారు మమ్మల్నందరినీ అందులో వేశారు. తనూ అందులోనే ఉండి త్యాగం చేశారు.

ఇక మిగిలింది టైపిస్టు. భర్త పోతే ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, పదో తరగతి కూతురు.

"పిల్ల పరీక్షలయ్యేదాకా ఆగనివ్వండి సార్."

"అందరూ ఇలాగే అంటే శాఖ ఎలా కదుల్తుందమ్మా?" డైరెక్టరుగారు లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టారు. "నువ్వు మాకందరికీ ఆదర్శం."

"మరి మీరెప్పుడొస్తారు సార్?"

"మానసికంగా మేం ఎప్పుడో వెళ్ళిపోయాం."

ఆమె అద్దె ఇల్లు ఖాళీ చేసింది. కూతుర్ని చెల్లెలింట్లో వదిలింది. లారీలో బీరువాకీ వంటసామానుకీ మధ్య పరుపు వేసి అత్తగారిని పడుకోబెట్టుకుని బయల్దేరింది. మేమంతా గేటు దాకా వచ్చి చేతులూపాం. ఆ ముసలావిడ కూడా, ఎవరో తెలియకపోయినా, మాకు చెయ్యూపింది.

కొద్దిరోజులకే ఒక పేపర్లో ఫొటో పడింది. పెద్ద కొత్త భవనం, తాళాలేసిన గదులు, వరండాలో ఒకే ఒక్క బల్ల, దాని వెనక మా టైపిస్టు. మంత్రిగారు డైరెక్టరుగారికి ఫోను చేసి అరిచిన అరుపులు పక్కగదిలో ఉన్న నాకు కూడా వినిపించాయి.

"సోమవారానికి శాఖ మొత్తం ఆ ఊళ్ళో ఉండాలి! లేకపోతే నువ్వుండవు!"

"ఉంటుంది సార్. ఒక్క కుర్చీ కూడా కదలకుండా ఉంటుంది."

"అదెలాగయ్యా?"

"మా భవనాన్ని రాజధాని పరిధిలోంచి తీసేసి, ఆ ఊరి పరిధిలో కలిపేస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వండి సార్."

"నువ్వు ఇన్నాళ్ళూ డైరెక్టరుగానే ఎందుకు ఉండిపోయావయ్యా?" అన్నారు మంత్రిగారు, నిజంగా బాధపడుతూ.

సోమవారం మా గేటుకి ఆ ఊరి పేరుతో బోర్డు కట్టారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, నగర సుఖాలు వదులుకుని ఇంత దూరం వచ్చిన మమ్మల్ని చూస్తే గర్వంగా ఉందన్నారు. దూరప్రాంత భత్యం ప్రకటించారు. సూపరింటెండెంటు కళ్ళొత్తుకున్నాడు. తర్వాత అందరం భోజనానికి ఇళ్ళకి వెళ్ళొచ్చాం.

తిరిగొచ్చేసరికి డైరెక్టరుగారి గదిలో ఫోను మోగుతోంది. ఆయన స్పీకరు నొక్కారు. టైపిస్టు.

"సార్, ఇక్కడ కరెంటు పీకేశారు. ఇది ఇక ఆఫీసు కాదంటున్నారు. నన్నేం చెయ్యమంటారు?"

"నువ్వెక్కడున్నావమ్మా?"

"మీరు పంపిన ఊళ్ళోనే సార్."

"ఆ ఊరు ఇక్కడుంది కదమ్మా! శాఖంతా ఇక్కడ పనిచేస్తుంటే నువ్వక్కడేం చేస్తున్నావు?"

ఆమె ఏదో అనబోయింది. వెనక ముసలావిడ దగ్గు వినిపించింది. లైను తెగిపోయింది, లేదా ఆమే పెట్టేసింది.

క్రమశిక్షణ విషయంలో మా డైరెక్టరుగారు తన, పర అని చూడరు. అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందుకు ఆ సాయంత్రమే ఆమెకు మెమో వెళ్ళింది. టైపు చేసేవాళ్ళు లేక, పాపం, అంత పెద్దాయన దాన్ని స్వయంగా చేత్తో రాసుకున్నారు.