సెంగ్‌కాంగ్ ఏకగవాక్ష ఉపసంఘం

సింగపూరు తెలుగువాళ్లు కంప్యూటరులోకి ఏ కొత్త సరుకు ఎక్కించాలన్నా ముందు పరంధామయ్యను, అంటే నన్ను, సంప్రదిస్తారు. ఈ సంగతి నేను చెప్పుకోకూడదు. కాని చెప్పేవాళ్లు ఇంకెవరూ దొరకలేదు.

అందుకే మొన్న మా సెంగ్‌కాంగ్ తెలుగు సేవాసమితి ‘ఏకగవాక్ష సాధన ఉపసంఘం’ వేసినప్పుడు నన్ను సలహాదారుగా తీసుకున్నారు. మా సమితికి పండుగలకొక గ్రూపు, పచ్చళ్లకొక గ్రూపు, పచ్చళ్ల గ్రూపులో అలిగినవారికి మరొక గ్రూపు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో యాప్‌లో ఉంది. వీటన్నిటినీ కంప్యూటరు మీద ఒకే కిటికీలో చూపించే యాప్‌లు వచ్చాయట. వాటిలో ఉత్తమమైనదాన్ని ఎంపిక చేయడం ఉపసంఘం కర్తవ్యం. మా ఊరి బడిలో ఐదు తరగతులకూ కలిపి కిటికీ ఒక్కటే. అందరం అందులోంచే చూసేవాళ్లం. పాఠం మాత్రం ఎవరి చెవినా పడేది కాదు. ఈ అనుభవమే నా అర్హత అనుకున్నాను.

కాదని తర్వాత తెలిసింది. సమావేశం జరిగే హాకర్ సెంటరుకు, అంటే తిండి దుకాణాల ఆవరణకు, అందరికంటే ముందు వెళ్లి, బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి ‘చోప్’ చేయడానికి, అంటే చోటు ఆపడానికి, నన్ను తీసుకున్నారు. ఈ దేశంలో పొట్లం పెడితే బల్ల మనది. ఆ పొట్లానికున్న విలువ మా ఊళ్లో పట్టాదారు పుస్తకానికి కూడా లేదు. ఇక కంప్యూటరంటారా, దాని మూత ఎటు తెరుచుకుంటుందో నాకు తెలియదు.

అధ్యక్షుడు సుధాకరరావు బ్యాంకులో పెద్ద ఉద్యోగి. టీ కప్పు పక్కకు జరిపి ప్రసంగించాడు. “సోదర సోదరీమణులారా! విడివిడి కిటికీల్లోంచి తొంగిచూసే జాతి ముందుకు పోదు. ఒకే కిటికీ! ఒకే చూపు! ఒకే తెలుగు!” పక్క బల్ల దగ్గర నూడుల్స్ తింటున్న చీనా ముసలాయన కూడా చప్పట్లు కొట్టాడు. కొడితే ఆపుతాడనుకున్నాడేమో.

వన్-నార్త్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే చక్రధర్ ల్యాప్‌టాప్ తెరిచాడు. పోటీలో మూడు యాప్‌లు. మొదటిది ఉచితం, ప్రతి కబురుకూ ముందు ఒళ్లు తగ్గించే నూనె ప్రకటన చూపిస్తుంది. రెండోది మహా భద్రమైనది. పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్లేసరికి శుభోదయాలు శుభరాత్రులవుతాయి. మూడోది అన్ని గ్రూపులనూ ఒక్కసారే తెరిచింది. దాంతో ల్యాప్‌టాప్ ఫ్యాను రైసుమిల్లులా మోగి, ఆ గాలికి నా టిష్యూ పొట్లం ఎగిరి ఆవలి బల్ల మీద పడింది. మర్యాద తప్పకూడదు కనుక ఉపసంఘమంతా లేచి ఆ బల్లకు మారింది.

“టెస్టింగ్‌కి ఒక రియల్ మెసేజ్ కావాలండీ,” అన్నాడు చక్రధర్.

అదృష్టం, అప్పుడే ఒకటి వచ్చింది. పంపింది సెంబవాంగ్‌లో ఉండే హైదరాబాదావిడ సలీమా. భర్త లియాఖత్ ఓడలో ఇంజనీరు, సముద్రం మీద ఉన్నాడు. ‘రేపు పొద్దున నా కన్ను ఆపరేషన్. తోడు ఒకరు లేకపోతే చెయ్యరంట. మళ్లా తారీకు ఎప్పుడిస్తరో, అప్పటిదాక చూపు ఉంటదో లేదో. ఎవరన్నా వస్తరా?’ పాపం, అన్ని గ్రూపుల్లోనూ పెట్టింది.

“సూపర్ సాంపిల్!” అని చక్రధర్ మురిసిపోయాడు. మొదటి యాప్ దాన్ని నూనె ప్రకటన కింద చూపించింది. రెండోది పాస్‌వర్డ్ అడిగింది. మూడోది మాత్రం అన్ని గ్రూపుల్లోని సలీమాలనూ పక్కపక్కనే బారులు తీర్చి నిలబెట్టింది.

“అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి బాబూ,” అంది అధ్యక్షుని భార్య కమలాదేవి. పెద్దవి చేశాడు. “ఆహా! కన్ను ఆపరేషన్ అన్న మాట కళ్లజోడు లేకుండానే కనబడుతోంది!”

“అది సరే అంకుల్,” అంది ఉజ్వల. వరంగల్ పిల్ల, ఉపసంఘంలో అందరికంటే చిన్నది. “రేపు ఆంటీతోని ఎవరు పోతున్నరు?”

“అది అజెండాలో లేదమ్మా,” అన్నాడు సుధాకరరావు. “గ్రూపులో పెట్టు.”

“గ్రూపులనే ఉన్నది గద అంకుల్!”

“అదే కదా ప్రాబ్లం! ఒకే మెసేజ్ ఇన్నిసార్లా?” అని చక్రధర్ విచారించాడు.

ఉజ్వల నా వైపు చూసింది. నేను పరోటా వైపు చూశాను. నేను సలహాదారుణ్ణి, సలహాదారులు వెళ్లరు.

మూడో యాప్‌ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ప్రారంభోత్సవంగా సభ్యులందరూ అందులోంచి సలీమాకు దండం బొమ్మలు పంపారు. రెప్పపాటులో చేరాయని చక్రధర్ ప్రకటించగానే హర్షధ్వానాలు మిన్నంటాయి.

అప్పుడు ఉజ్వల కుర్చీ వెనక్కు నెట్టి లేచింది. “మీ కిటికీ మీరే చూసుకోండి. నేను లీవు పెట్టి పోతున్న,” అని సంచీ భుజాన తగిలించుకుని రైలు స్టేషను వైపు నడిచింది. మేమంతా తలలు వంచుకున్నాం.

చెప్పే కథలో ఒక్క అబద్ధమైనా లేకపోతే నాకు అన్నం సహించదు. ఆ అబద్ధం ఇప్పుడే చెప్పాను. ఉజ్వల లేవలేదు, తనూ ఒక దండం బొమ్మ పెట్టి కూర్చుంది. తలలు వంచుకున్న మాట మాత్రం నిజమే, ఎవరి ఫోనులోకి వాళ్లం.

సలీమా ఆపరేషన్ వాయిదా పడింది. ఆ కబురు కొత్త యాప్‌లో అన్ని గ్రూపుల్లోనూ ఒకేసారి, పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. దండం పెట్టేశారు కదూ?