నరహరి దాచిపెట్టినది

ఆదివారం పొద్దున నరహరి అనుకున్నది చిన్న పనే. రామన్నపేటలోని తన టెంట్ హౌస్ నుంచి ఒక పెండ్లికి కుర్చీలు, గంగాళాలు పంపించి, షామియానా బట్ట కొనాలనే వంకతో నల్లగొండ బస్సెక్కాలి. అక్కడ డాక్టరుకు చూపించుకుని, సాయంత్రానికి ఏమీ జరగనట్టు ఇంటికి రావాలి. బరువులు ఎత్తీ ఎత్తీ అతని కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు తేలింది. అది ఇప్పుడు జామకాయంత అయింది. లుంగీ కింద తువ్వాలు బిగించి కట్టుకుని భార్య స్వర్ణలత కంటపడకుండా నెట్టుకొస్తున్నాడు.

బయలుదేరే ముందు సామాన్ల కొట్టు వెనక్కి పోయి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. అప్పుడే చాయ్ తెచ్చిన స్వర్ణలత గోడ ఇవతల ఆగిపోయింది.

"నాలుగేండ్ల సంది ఉన్నది. ఇంట్ల తెల్వదు. నేను పండుకుంటే లోపలికి పోతది, లేస్తే మల్ల బయటికొస్తది. మొదట్ల చిన్నగ ఉండె. ఇగ దాచుడు నాతోని కాదు."

తెలుగులో ఆడమనిషికీ, వస్తువుకూ ఒకటే క్రియ కావడం నరహరి తప్పు కాదు. స్వర్ణలత చాయ్ పట్టుకుని తిరిగి వంటింట్లోకి పోయింది. ఆమె ఆలేరులో ఉన్న అన్న రామచంద్రయ్యకు ఫోన్ చేసింది. గంట తిరిగేసరికి, నరహరి పెండ్లి సామాన్లు పంపడం పూర్తిచేసేలోగానే, అన్న కారు వాకిట్లో ఆగింది.

రామచంద్రయ్య చెప్పులు కూడా విడవలేదు. బావను కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేశాడు.

"బావా, నాకంత తెల్సింది. ఎన్నేండ్ల సంది?"

భార్య తువ్వాలు చూసేసిందనుకున్నాడు నరహరి.

"నాలుగేండ్లు" అన్నాడు తల వంచుకుని.

"యాడుంటది?"

"యాడుంటదేంది? నా ఎంబడే ఉంటది. యాడికి పోయినా వస్తది."

స్వర్ణలత తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "నాకెందుకు చెప్పలే?" అంది.

"నువ్వు భయపడ్తవని. సిగ్గు గూడ అనిపించింది."

"అయిందేదో అయింది. ఇప్పుడేం జేస్తవ్ మరి?" అన్నాడు రామచంద్రయ్య పళ్లు కొరుకుతూ.

"చేసేదేముంది, కోయించుడే. ఇయ్యాల్నే మాట్లాడిన."

బావ తప్పు చేశాడని వచ్చిన రామచంద్రయ్యకు, బావ మనిషిని చంపిస్తాడని వినాల్సి వచ్చింది.

"కోయిస్తవా? నువ్వు మనిషివేనా?" అని చొక్కా పట్టుకుని పైకి లేపాడు. ఆ కుదుపుకు నరహరికి దగ్గు తెర ఒకటి వచ్చింది. గజ్జలో కత్తితో పొడిచినట్టయింది. ఉబ్బు రాయిలా బిగిసిపోయింది. అతను లోపలికి నెట్టి చూశాడు, పోలేదు. కేక పెట్టి, నేలమీద ముడుచుకుని వాంతి చేసుకున్నాడు.

కేక విని పక్కింటి ప్రమీలమ్మ పరుగెత్తుకొచ్చింది. వాంతి చూసి, ఏడుస్తున్న స్వర్ణలతను చూసి, "అయ్యో, పురుగుల మందు తాగినట్టుండు" అంది. నరహరి కాదన్నట్టు చెయ్యి ఊపాడు. చివరిసారి సెలవు తీసుకుంటున్నాడనుకుని అందరూ గొల్లుమన్నారు. కారు నల్లగొండ చేరేవరకు స్వర్ణలత అతని తల ఒళ్లో పెట్టుకుని, "దాన్ని తెచ్చి ఇంట్ల పెట్టుకో, నేనేమనను, నువ్వు బతుకు" అంటూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టర్ మెహ్రీన్ నరహరి పొట్ట, గజ్జ నొక్కి చూసింది.

"పొద్దున ఫోన్ చేసింది మీరే కదా?" అని నరహరిని అడిగి, మిగతావాళ్ల వైపు తిరిగింది. "ఈయన మందేం తాగలేదు. హెర్నియా."

"హెర్నియానా?" అన్నాడు రామచంద్రయ్య. "ఏ ఊరామె?"

డాక్టర్ అతని వైపు ఒక క్షణం చూసి, నెమ్మదిగా చెప్పింది. "పొట్ట గోడల కండ బలం తగ్గినకాడ సందు పడ్తది. పేగు అందులకెళ్లి తోసుకొస్తది. పండుకుంటే లోపలికి పోయినన్ని రోజులు పెద్దగా తెల్వదు. ఇట్ల ఇరుక్కుంటే మాత్రం రక్తం ఆగి పేగు కుళ్లిపోతది. ప్రాణం పోవచ్చు. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలె. పేగు లోపలికి పంపి, సందు మూసేస్తం."

ముందే వచ్చి ఉంటే సందు మీద వల లాంటి జాలీ అమర్చి కుట్టి, మరునాడే ఇంటికి పంపేవాళ్లమని కూడా చెప్పింది. ఇంకొక ఆడది లేదన్న సంతోషం స్వర్ణలతకు పూర్తిగా అందకముందే, మనిషే పోయేవాడన్న భయం వచ్చి మీద పడింది.

సాయంత్రానికి ఆపరేషన్ అయింది. పేగు కుళ్లలేదు, దక్కింది. నరహరి కళ్లు తెరవగానే స్వర్ణలత పక్కన కూర్చుంది.

"ఇంకొకతి ఉంటేనే నయముండె. కొట్లాడి ఎల్లగొడుదును" అంది. "లోపల పేగుతోని నేనెట్ల కొట్లాడాలె?"

నరహరి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

"గింత దాచుడేంది బావా? మొగోళ్లకు జర బుద్ధుండాలె" అని గట్టిగానే గద్దించి, రామచంద్రయ్య వరండాలోకి నడిచాడు. డాక్టర్ మెహ్రీన్ వెళ్లిపోతుంటే పరుగున పోయి ఆపాడు. అటూ ఇటూ చూసి చొక్కా కింది గుండీ విప్పాడు.

"డాక్టరమ్మా, నాకు గీ బొడ్డుకాడ ఆరేండ్ల సంది ఉన్నది. దగ్గితే లేస్తది. గిది గూడ గదేనా? మా ఇంటిదానికి మాత్రం చెప్పకుండ్రి."

"గదే. రేపు పొద్దున రండి" అంది డాక్టర్, అతని భుజం మీదుగా వెనక్కి చూస్తూ.

అన్న వెనకే వచ్చి నిలబడ్డ స్వర్ణలత అప్పటికే వదినకు ఫోన్ కలిపింది.