నాలుగు సోఫాలు పట్టే మెట్ల మలుపు

కొన్న సోఫా ఇంట్లోకి రాకుండా మెట్ల మధ్యలో ఇరుక్కుపోవడాన్ని మించిన అదృష్టం సంసారికి మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి, ఊరికే మాట తూలను.

ముందు జరిగింది చెబుతాను. ఇంట్లో నాకు చేతుల కుర్చీ ఉంది. మా ఆవిడకు వంటగదిలో పీట ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. మోకాళ్ళు మొరాయించాక ఆవిడ, "ఈసారి అడగనండీ, కొనేస్తాను" అని చెప్పి, తనే వెళ్ళి ఒక సోఫా ఎంచుకుంది. పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు మూడు, ఎత్తు మూడు. దాన్ని రెండో అంతస్తులోని మా ఇంటికి చేర్చే బాధ్యత మాత్రం నాకు అప్పగించింది. లెక్కల మాస్టారి పెళ్ళాం కదా, నమ్మింది పాపం.

మా లిఫ్టు లోపల నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. గుణిస్తే నూట పన్నెండు ఘనపుటడుగులు. సోఫా డెబ్భై రెండు. అంటే సోఫా పెట్టాక ఇంకా నలభై మిగలాలి. తీరా తలుపు తెరిచి దూర్చబోతే, ఆ లిఫ్టుకు గణితమంటే గౌరవం లేదని తేలింది.

సరే, మెట్ల దారి. సామాను మోసేవాళ్ళు ఇద్దరొచ్చారు. అందులో పెద్దాయన సోఫాను ఒకసారి, మొదటి అంతస్తుకు ముందు మెట్లు మలుపు తిరిగే చోటును ఒకసారి చూశాడు. "తిరగదు సార్. వెనక చట్రం విప్పించండి, వడ్రంగికి అరగంట పని" అన్నాడు. టేపు లేదు, కాగితం లేదు, వట్టి చూపు!

"ఎంతవరకు చదివావు?" అని అడిగాను.

"ఆరు దాకా సార్. మోయడం మాత్రం ఇరవై రెండేళ్ళు."

ఆరో తరగతి చదివినవాడికి ఘనపరిమాణం ఏం తెలుస్తుంది? నా జేబులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. అక్కడి గోడ మీదే వేసి చూపించాను. మలుపు దగ్గర చోటు ఎనిమిది బై నాలుగు, పైకప్పు పదడుగులు. మొత్తం మూడు వందల ఇరవై. డెబ్భై రెండుతో భాగించండి. నాలుగు సోఫాలు పట్టి, ఇంకా మిగులుతుంది! నాలుగు పట్టే చోట ఒకటి తిరగదా? పెద్దాయన గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు, తువ్వాలు తలకు చుట్టుకుని మోశాడు.

సోఫా మలుపు దాకా వచ్చింది. గోడకూ గోడకూ మధ్య కొలిచి చేయించినట్టు కూర్చుంది. ఆ తర్వాత పైకీ రాలేదు, కిందికీ పోలేదు. ఆ గోడ మీద నా లెక్క ఇప్పటికీ ఉంది. అందులో తప్పు పట్టగలిగినవాడెవడైనా ఉంటే రమ్మనండి.

ఇక లాభాలు చూడండి. ఈ ఫ్లాటు అమ్మేటప్పుడు పన్నెండు వందల చదరపు అడుగులన్నారు. లోపల టేపు పట్టుకుని ఎన్నిసార్లు పాకినా తొమ్మిది వందలే. మిగతా మూడు వందలు మెట్లలోనూ లిఫ్టులోనూ ఉన్నాయన్నారు. ఎనిమిదేళ్ళుగా నడవడమే తప్ప నేనెన్నడూ కూర్చోని నా ఇంటి భాగమది! ఇప్పుడు అందులో నాకో సోఫా ఉంది. సొంత ఇల్లంటే అదీ.

మనుషులు నడవడానికి మిగిలింది ఒక్క అడుగు సందు. లిఫ్టంటే భయమున్న మూడో అంతస్తు ఇన్సూరెన్సు ఏజెంటు రోజూ ఊపిరి బిగబట్టి అడ్డంగా నడిచీ నడిచీ బెల్టుకు రెండు కొత్త చిల్లులు వేయించుకున్నాడు. జిమ్ముకు వెళ్తే ఇంత త్వరగా తగ్గుతాడా?

అసోసియేషన్ సెక్రటరీ నోటీసు పంపాడు. నేను వైశాల్యంతో జవాబిచ్చాను. మలుపు దగ్గర ముప్ఫై రెండు చదరపు అడుగులు. ఇళ్ళు పది. ఇంటికి మూడడుగుల చిల్లర. సోఫా కింద పోయింది ఇరవై నాలుగు, అంటే ఏడున్నర ఇళ్ళ వాటా. కాబట్టి ఏడున్నర ఇళ్ళవాళ్ళకు దానిమీద కూర్చునే హక్కుందని రాశాను. ఆ అర ఇల్లు ఎవరిదో సెక్రటరీ తేల్చుకోవాలి. ఇంతవరకు తేల్చలేదు.

హక్కు సంగతి పక్కన పెడితే, మొదట కూర్చున్నది మా ఆవిడే. కరెంటు పోయి లిఫ్టు ఆగిన రోజు కూరగాయల సంచితో మెట్లెక్కుతూ ఆయాసం తీర్చుకుందామని కూర్చుంది. మర్నాడు ఫ్లాస్కుతో వెళ్ళింది. ఆ మర్నాడు ఎదురింటి నర్సమ్మ చేరింది. ఆ తర్వాత, ఏళ్ళ తరబడి మాటల్లేని కింది ఇంటి తోడికోడళ్ళిద్దరూ చెరో చివరా కూర్చున్నారు. ఇప్పుడు చిక్కుళ్ళు ఒలవడం అక్కడే, పేపరు చదవడం అక్కడే. మా ఆవిడ పైకి వచ్చేది వండడానికీ పడుకోవడానికీ. వండినది కూడా గిన్నెలో పెట్టుకుని కిందికి పోతోంది.

"వడ్రంగిని పిలుద్దామా?" అని మొన్న మెల్లగా కదిపాను.

"పిలుద్దాం. లెక్క తప్పానని ఒక్క మాటనండి, చాలు."

"సూత్రం తప్పదోయ్. పొడవు, వెడల్పు, ఎత్తు..."

"అయితే దాన్ని అక్కడే ఉండనివ్వండి. నాకక్కడ బాగానే ఉంది" అని ఫ్లాస్కు తీసుకుని దిగిపోయింది.

నిన్న ఆ మోసే పెద్దాయన ఎవరింటికో లిఫ్టులో ఫ్రిజ్ చేర్చి, మెట్లమీదుగా దిగుతూ ఆగాడట. మా ఆవిడ గొంతు పైకి వినబడింది. "కూర్చో నాయనా. నువ్వు చెప్పిందే నిజమైంది." తను జరిగి చోటిచ్చినట్టుంది, స్ప్రింగుల చప్పుడైంది. తర్వాత అందరూ నవ్వారు.

నేను హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాను. తోచక హాలు కొలిచాను. పదహారు, పదకొండు, పది. పదిహేడు వందల అరవై ఘనపుటడుగులు. సూత్రం ప్రకారం ఇరవై నాలుగు సోఫాలు పట్టాలి. ఇంత చోటులో నేనొక్కణ్ణే ఉన్నాను, మాట్లాడితే గోడలు బదులు పలుకుతున్నాయి. ఎంత నిండిందో చెప్పే సూత్రాలు పిల్లలకు ముప్ఫై నాలుగేళ్ళు నేర్పాను కానీ, ఇదెంత ఖాళీయో చెప్పేది నాకెవరూ నేర్పలేదు.

మా ఆవిడ ఈ పత్రికను ఆ సోఫా మీదే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది. పదిమంది ముందు అనలేని మాటను ఇలా అచ్చు వేయించుకునేవాణ్ణి చూసి మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి.

ఏమోయ్, లెక్క తప్పాను. నువ్విది చదివిన మర్నాడు పొద్దున వడ్రంగి వస్తాడు, ఆ పెద్దాయన కూడా వస్తాడు. ఆయన ఎటు తిప్పమంటే అటు తిప్పుతాను. అప్పటిదాకా నువ్వు పైకి రానంటే, నేనే దిగి వస్తాను. కాస్త జరిగి చోటివ్వు. ఎంతిచ్చావో కొలవను.