ఆలోచిస్తున్నవారిని కదిలించరాదు

ఒక పెద్ద అడవిలో సెల్ టవర్ లేచాక ఎన్నికలు మానేశారు. ఏ మడుగు ఎవరికివ్వాలో తేల్చే జలకార్యదర్శి పదవికి ఏటా ఫోనుల్లో చదరంగం పోటీ పెట్టి, గెలిచినవాళ్లకు కట్టబెట్టేవాళ్లు. బుర్ర ఉన్నవాళ్లకే పదవి దక్కాలని సింహంగారి పట్టుదల. ఆయన పదవికి మాత్రం పోటీ లేదు.

ఆ కుర్చీలో కొన్నేళ్లుగా నక్క జంబుకేశం కూర్చున్నాడు. తన స్నేహితులైన అడవిదున్నలకు తామరమడుగు రాసిచ్చేశాడు. అవి దిగి పొర్లేసరికి మడుగు కాస్తా బురదగుంట అయింది. తాబేలు నిదానమ్మ పుట్టి పెరిగిన ఇల్లు అదే. ఇల్లు దక్కాలంటే పదవి గెలవాలి. అందుకే పెద్ద వయసులో ఆమె చదరంగం నేర్చింది.

ఆట బాగానే పట్టుబడింది. చిక్కల్లా గడియారంతోనే. ఒక్కొక్కరికి పది నిమిషాలు. నిదానమ్మ డొప్పలోంచి మెడ చాపి, కాలెత్తి, తెర మీద మోపేలోపే సగం సమయం హారతి కర్పూరమయ్యేది. జంబుకేశానికి ఆ సంగతి తెలుసు. ఓడిపోతున్నాననిపించగానే గుర్రాన్ని ముందుకూ వెనక్కూ గెంతిస్తూ కూర్చునేవాడు.

ఆ ఏడూ అంతే. ఇంకొక్క ఎత్తు వేస్తే ఆటకట్టు. నిదానమ్మ కాలు తెరకు వెంట్రుకవాసి దూరంలో ఉండగా ఎర్రక్షరాలు పడ్డాయి: "సమయం ముగిసింది. విజేత జంబుకేశం."

నిదానమ్మ నేరుగా సభకు బయల్దేరింది. చేరేసరికి ఒక సభ ముగిసి ఇంకో సభ నడుస్తోంది.

"ప్రభూ, ఇది బుర్రతో ఆడే ఆటా, కాళ్లతో ఆడే ఆటా? బుర్రతో అయితే గెలిచింది నేను. కాళ్లతో అయితే పరుగుపందెమే పెట్టండి, మధ్యలో ఈ బంట్లూ ఏనుగులూ ఎందుకు?"

"గడియారం కూడా ఒక పావే, నిదానమ్మత్తా," అన్నాడు జంబుకేశం పళ్లికిలిస్తూ. "నువ్వు దాన్ని కాచుకోలేదు."

సభంతా నవ్వింది. సింహం నవ్వలేదు. "మొన్న నేనూ ఆవులిస్తుంటే సమయం అయిపోయింది. పైగా ఎదుట ఆడింది ఉడత. తీసేయండి గడియారం, ఆట మళ్లీ ఆడించండి!"

అడ్డుపడతాడనుకున్న జంబుకేశం చప్పట్లు కొట్టాడు. "గొప్ప సంస్కరణ ప్రభూ! ఇంకొక్క ముక్క చేర్చుకుందాం. ఆలోచిస్తున్న ఆటగాణ్ణి ఎత్తు వేసేదాకా ఎవరూ పిలవకూడదు, పలకరించకూడదు."

నిదానమ్మ ఆనందంతో ఏడ్చేసింది. ఇంత మంచివాణ్ణి ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు లెంపలు కూడా వేసుకుంది.

మళ్లీ ఆట మొదలైంది. ఎత్తుకో కునుకు తీస్తూ ఆమె హాయిగా ఆడింది. జంబుకేశం రాజు పావు మూలకు చేరింది. అతను ఏం కదిపినా తర్వాతిది ఆటకట్టే. అప్పుడు తెర మీద పడింది: "జంబుకేశం ఆలోచిస్తున్నారు."

పొద్దు పొడిచింది, ఆలోచించాడు. పొద్దు గుంకింది, ఆలోచించాడు. ఆట తేలేదాకా పాత కార్యదర్శే కార్యదర్శి మరి. అడుగుదామని నిదానమ్మ అతని గుహకు వెళితే, సభ బంట్రోతు కాకి వాకిట్లోనే రెక్క అడ్డం పెట్టింది. "ష్! లోపల ఆలోచన జరుగుతోంది." లోపల్నించి గురక వినబడింది.

కోరి కొరివితో తల గోక్కున్నానే అని ఆమె కుమిలిపోయింది. ఇదివరకు ఓడి బురదలో ఉండేది, ఇప్పుడు గెలుస్తూ బురదలో ఉంది.

అంతలో సింహం ఓ పెద్ద కణుజును కొట్టాడు. ఆ అడవి ఆచారం ప్రకారం సింహం తిని లేచాక కాకి పేరుపేరునా పిలవాలి. పిలవనివాళ్లు మాంసం ముట్టరాదు. జంబుకేశం బుద్ధెరిగాక సొంతంగా వేటాడింది లేదు.

"తోడేలుగారూ, రండి! దుమ్ములగొండిగారూ, రండి! జంబుకేశంగారు ఆలోచిస్తున్నారు గనక దాటేస్తున్నాను."

"నేనేమీ ఆలోచించడం లేదురా! ఇదిగో, ఇక్కడే ఉన్నా!" గుహలోంచి కేక వచ్చింది.

కాకి పలకలేదు. పలకరించకూడదని నిబంధన.

తర్వాతి వేటకూ అదే వరస. మాంసం వాసన గుహలో దూరి జంబుకేశం పేగుల్ని మెలిపెట్టింది. చివరికి చొంగ కారుస్తూ, కళ్లు మూసుకుని బంటును ముందుకు జరిపాడు. నిదానమ్మ మెడ చాపింది. కాలెత్తింది. తీరిగ్గా మోపింది. ఆటకట్టు!

ఆమె కార్యదర్శి అయింది, దున్నలు మడుగు వదిలిపోయాయి. తామరమడుగు తేటపడింది. పాత ఇంట్లో మునిగి తేలుతుంటే నిదానమ్మకు ప్రాణం లేచొచ్చింది.

మరుసటేడు 'మడుగులు అందరివీ' అంటూ కుందేలు చెంగన్న పోటీకి దిగాడు. పడుచువాడు, చురుకైనవాడు, ఆట తెలిసినవాడు. చూస్తుండగానే ఆమె రాజును మూలకు తోసేశాడు.

"పెద్దమ్మా, నీ వంతు!"

నిదానమ్మ తెర వంక చూసింది. తేటనీటి వంక చూసింది. నాలుగు కాళ్లూ తలా డొప్పలోకి లాక్కుంది.

"ఆలోచిస్తున్నాను, నాయనా."

ఆమె తిండికి ఎవరి పిలుపూ అక్కర్లేదు, మడుగులో కావలసినంత నాచు. ఆయుష్షుకైతే అసలే కొదవలేదు. చెంగన్న ఒక్క పరుగున సభకు పోయి మొత్తుకున్నాడు. "ప్రభూ, ఇదేం న్యాయం? గడియారం మళ్లీ పెట్టించండి!"

"గడియారం తీయించింది నిదానమ్మే కదా, ఆమెనూ ఓ మాట అడిగిరా," అన్నాడు సింహం కాకితో.

"అడగొచ్చు ప్రభూ," అంది కాకి వినయంగా. "కానీ ఆవిడ ఆలోచిస్తున్నారు."

నీతి: గడియారం న్యాయమా అన్యాయమా అని ఎవరైనా అడిగితే, ఇప్పుడు వంతు ఎవరిదో కనుక్కుని మరీ జవాబు చెప్పండి.