పగలని గుమ్మడికాయ

తప్పు మీదే. ఒకే అచ్చులో పోసినట్టున్న కాయల్ని గుట్టలుగా అమ్మే దుకాణాలదీ, నున్నగా గుండ్రంగా ఉంటే తప్ప చేతిలోకి తీసుకోని మీదీ, వండుకున్నాక గింజల్ని చెత్తబుట్టలోకి ఊడ్చేసే మీ అందరిదీ. అమెరికాలోని కమ్మింగ్‌లో ఆ శనివారం జరిగిన రభసకు రాఘవులు ఒక్కడినే తిడితే సరిపోదు. కాకపోతే ముందు వరసలో నిలబడాల్సింది మాత్రం అతనే.

ఆ ఉదయం అతని భార్య జ్ఞానప్రసూన వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. స్నేహితులు దివాకర్, శ్రీవిద్యల గృహప్రవేశానికి వెళ్లి, అక్షింతలు వేసి, భోంచేసి రావాలి. వచ్చాక గరాజ్‌లో మగ్గుతున్న గుమ్మడికాయను కోసి, ముక్క రుచి చూసి, గింజలు తీసి ఆరబెట్టాలి. అంతే.

ఆ కాయ మామూలుది కాదు. ప్రసూన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. దేన్నయినా విరిగేదాకా ఒత్తి చూడటం ఆమెకు అలవాటు. పెరట్లోనూ అదే చేసింది. ఇండియన్ స్టోర్ గుమ్మడి, మెక్సికన్ కొలీగ్ వాళ్లింటి గుమ్మడి, ఫార్మర్స్ మార్కెట్‌లో దొరికిన పేరు తెలియని గుమ్మడి, అన్నిటి గింజలూ ఒకే మడిలో కలిపి చల్లింది. తేనెటీగలు వాటి పుప్పొడిని ఇష్టమొచ్చినట్టు కలిపేశాయి. ఆమె మందు కొట్టలేదు, తీగల్ని బతిమాలలేదు. బతికినదాని గింజ దాచి మళ్లీ వేసింది. మూడో వేసవిలో కాండం తొలిచే పురుగు వచ్చి మడినంతా పడుకోబెట్టేసింది. ఒక్క తీగ మాత్రం కణుపు కణుపుకీ వేరు దింపుకుని, ఫెన్స్ ఎక్కి, ఒకే ఒక్క కాయ కాసింది. ఆ కాయ పోతే మూడేళ్ల పనీ పోయినట్టే.

"ఇది కాయా, కప్పా?" అన్నాడు రాఘవులు దాని ఒంటినిండా ఉన్న బొడిపెలు చూసి.

శనివారం పొద్దున పట్టుచీర కట్టుకుని ప్రసూన గరాజ్‌లోకి వెళ్లేసరికి కాయ పెట్టిన అర ఖాళీగా ఉంది. రాఘవులు సాయం చేస్తానని దివాకర్ ఇంటికి ముందే వెళ్లిపోయాడు. ఫోన్ చేసింది.

"ఏమండీ, నా గుమ్మడికాయ ఏది?"

"ఆ కప్పా? దివాకర్‌కి ఇచ్చేశా. స్టోర్‌లో బూడిద గుమ్మడికాయలు అయిపోయాయట, గ్రూప్‌లో ఒకటే గోల. గుమ్మం దగ్గర కొట్టడానికి ఏదైనా పర్లేదన్నారు పంతులుగారు. మొత్తం ఫంక్షన్ సేవ్ చేశాననుకో!"

"మనింటి మెట్ల మీద హాలోవీన్‌కి కొన్నవి మూడున్నాయి కదా!"

"అవి బాగున్నాయి ప్రసూనా. బాగున్నవాటిని ఎవరైనా పగలగొట్టుకుంటారా?"

బాగున్నవి నలుగురూ చూసే మెట్ల మీద, బాగోలేనిది గరాజ్‌లో. అదీ రాఘవులు లెక్క. దేశమంతటిదీ అదే లెక్క.

ప్రసూన క్రాక్స్ చెప్పులతోనే కారెక్కింది. ఈలోగా దివాకర్ వాళ్లింట్లో కాయ నెత్తిన చిన్న కంత చేసి కుంకుమ నింపబోతే కత్తి వంగిపోయింది. సరేలెమ్మని పసుపూ కుంకుమా పైపైనే పూసి, మీద కర్పూరం వెలిగించారు. దివాకర్ దాన్ని గుమ్మం ముందు దిష్టి తిప్పి, తల మీదికి ఎత్తాడు.

"ఆగు దివాకర్! కొట్టొద్దు!" ప్రసూన కారు తలుపైనా వేయకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది వదినా?"

"మొత్తం పురుగు తినేసింది! పైకి అంతా బాగానే కనపడుతుంది, లోపల మొదలంతా తొలిచేస్తుంది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే మొత్తం కూలిపోయి ఉంటుంది!"

అందరూ తలలెత్తి ఇంటి కప్పు వైపు చూశారు.

"ఈ ఏరియాల ఎక్కువుందా వదినా?" దివాకర్ అడిగాడు.

"జార్జియా అంతా ఉంది! మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు!"

"అయ్యో! ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్ వద్దని వైవ్ చేసినం కదా!"

"చేసినం కాదు, చేసినవ్," అంది శ్రీవిద్య. "నేను వద్దంటనే ఉన్న. ఆఫర్ స్ట్రాంగ్ ఉండాలన్నది ఎవరు?"

"కిచెన్ నచ్చిందని ఏడ్చింది ఎవరు మరి?"

"గృహప్రవేశం రోజున చెదల మాటేంటమ్మా, శుభమా అంటూ," అని పెద్దావిడ కనకదుర్గ చెవులు మూసుకుంది. ఆ మాట హాల్లోకి చేరేసరికి ఫౌండేషన్ పోయిందైంది. వంటగదిలోకి చేరేసరికి వీధి వీధంతా పోయిందైంది. రెండిళ్ల అవతల ఇల్లు కొన్న నిశాంత్ అప్పుడే రియల్టర్‌కి ఫోన్ చేసేశాడు. వరండా కింద నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే పచ్చిక మీదికి జరిగారు.

"నేను చెప్పేది గుమ్మడి తీగల గురించి!" అని ప్రసూన అరుస్తూనే ఉంది. వినే నాథుడు లేడు.

"ముహూర్తం దాటిపోతోంది నాయనా. ముందు కొట్టు, పోట్లాట తర్వాత," అన్నారు పంతులుగారు.

దివాకర్ భార్య మీదా, బ్యాంకు మీదా, తన మీదా ఉన్న కోపమంతా కలిపి కాయను నేలకేసి కొట్టాడు. ప్రసూన కళ్లు మూసుకుంది.

కాయ పగల్లేదు. ఎగిరింది. ఒకసారి గుండ్రంగా తిరిగి, ఏటవాలు డ్రైవ్‌వే పట్టుకుని కిందికి దొర్లడం మొదలుపెట్టింది. దాని వెనక ప్రసూన, ఆమె వెనక రాఘవులు, ఆ వెనక పట్టుపంచె ఎగ్గట్టుకుని దివాకర్. కాయ ఎవరికీ అందకుండా వెళ్లి మెయిల్‌బాక్స్ కర్రను గుద్దుకుంది. కర్ర మొదలంటా విరిగి పడింది.

విరిగినచోట చెక్కంతా డొల్ల. అందులోంచి తెల్లటి చెదపురుగులు బిలబిలా బయటికొచ్చాయి.



"వదినా," అన్నాడు దివాకర్ నెమ్మదిగా, "నీకెట్ల తెలిసింది?"

ప్రసూనకు జవాబు చెప్పే తీరిక లేదు. గడ్డిలో కూర్చుని కాయను ఒళ్లో పెట్టుకుని తడుముతోంది. ఎక్కడా చిన్న నెర్రె కూడా లేదు.

"దిష్టి తీసిన కాయ, ఇంటికి పట్టుకెళ్లకూడదమ్మా," అని కనకదుర్గ అడ్డం వచ్చింది. ప్రసూన కాయను ఇంకా గట్టిగా పట్టుకుంది.

పంతులుగారు ఒక్క క్షణం ఆలోచించారు. "పగిలితే కదండీ దిష్టి పోయేది? ఇది పగల్లేదు. దీనికీ దిష్టికీ సంబంధం లేదు. ఇంకోటి తెప్పించండి," అని, గొంతు తగ్గించి, "నాకూ నాలుగు గింజలు ఉంచమ్మా. మా పెరట్లో ఒక్క పాదూ నిలవట్లేదు," అన్నారు.

రాఘవులు తలొంచుకుని ఇంటికెళ్లి, మెట్ల మీది అందమైనవాటిలో ఒకటి తెచ్చాడు. అది మోకాలి ఎత్తు నుంచి వదిలితేనే చప్పున విచ్చుకుంది. లోపల పాలిపోయిన పీచూ, నీళ్లూ.

ప్రసూన కాయను దివాకర్ కొత్త రంపంతో కోశారు. గుడ్డు సొనలాంటి కండ. పుచ్చకాయ ముక్క కోసినప్పటి వాసన. గోరంత గింజలు, ఒక్క తాలు లేదు. రాఘవులు పచ్చిముక్క కొరికి, నమలడం ఆపి, మళ్లీ నమిలాడు.

"కప్ప బాగుందే," అన్నాడు.

"ఇప్పుడు తెలిసిందా?" అంది ప్రసూన.

మధ్యాహ్నం ఆ కాయతో చేసిన పులుసు గిన్నె అన్నిటికంటే ముందు ఖాళీ అయింది. పొద్దున ఇంటి కప్పు చూసి పారిపోయినవాళ్లంతా టిష్యూ పేపర్లు పట్టుకుని గింజల కోసం వరస కట్టారు. సగం తనకుంచుకుని మిగతావి పంచుతూ ప్రసూన అందరికీ ఒకటే చెప్పింది: "దీనిలాంటిదే రావాలని కూర్చోకండి. మీ దగ్గరున్న గింజలు కూడా కలిపి వేయండి. పిల్ల కాయలు ఎలా ఉంటాయో నాకూ తెలీదు. ఏది నిలబడాలో మీ మట్టి చెబుతుంది." ఆ మనిషికి ఉన్నంత ధైర్యం పెద్ద పెద్ద విత్తనాల కంపెనీలకు లేదు.

చెదలు ఇంటి గోడదాకా ఇంకా రాలేదని, కొన్ని నెలలు ఆగితే వచ్చేవని ఆ తర్వాత వచ్చిన పెస్ట్ కంట్రోల్ మనిషి తేల్చాడు. గుమ్మడికాయకు ఆ ఇంట్లో ఇప్పుడు చాలా గౌరవం.

కాబట్టి ఇక కదలండి. ఈసారి కాయ కోసినప్పుడు ముందు రుచి చూడండి. బాగుంటే గింజ కడగండి, నీడన ఆరబెట్టండి, పక్కింటివాళ్లకు పంచండి, వాళ్లవి అడిగి తెచ్చుకోండి, అన్నీ కలిపి నాటండి. చచ్చేవాటిని చావనివ్వండి. వచ్చే ఏడాది కాదు, ఈ ఏడాదే. ఇళ్లు కొనేవాళ్లు ఇన్‌స్పెక్షన్ వదులుకోకండి. మరీ వదులుకుంటే, వాకిట్లో కనీసం ఓ గట్టి గుమ్మడికాయనైనా దొర్లించి చూసుకోండి.