పాతిక సదస్సులూ, ఏడు మెట్లూ

ఓడల వ్యాపారం నడవడానికి కావలసింది సముద్రం కాదు, సదస్సు! కాదన్నవాణ్ణి నా ముందుకు రమ్మనండి. సముద్రానికి ఆటూ ఉంటుంది, పోటూ ఉంటుంది. మన జాతీయ నౌకా సదస్సుకు మాత్రం పాతికేళ్ళుగా ఒకటే పోటు.

దాని చరిత్ర తెలియనివాళ్ళు కొందరు ‘ఏం ఒరిగింది?’ అని మూతి విరుస్తుంటారు. ఓ చెవి ఇటు పారేయండి, చెబుతాను.

మొదటి సదస్సును రేవులోనే, గట్టు మీద షామియానా వేసి పెట్టారు. ఎజెండాలో ఉన్నది ఒకటే అంశం. పడవలోంచి గట్టెక్కడానికి ఇనుప నిచ్చెన కావాలని రేవు పడవ సరంగు పెట్టుకున్న అర్జీ. ఓడల్లోంచి మనుషుల్ని గట్టుకు చేర్చే పడవ అతనిది. ఆటు వేళ ఆ పడవ నిలువెత్తు కిందికి దిగిపోతుంది. అప్పుడు గట్టుకు వేలాడే పాత టైరు పట్టుకుని బల్లిలా పైకి పాకాలి. అర్జీ మీద సంతకం పెట్టబోతుండగా గాలి వచ్చి ఆ కాగితాన్ని కాస్తా నీళ్ళపాలు చేసింది.

మనలాంటివాళ్ళయితే ఇంకో కాగితం రాసుకునేవాళ్ళం. వాళ్ళు మనలాంటివాళ్ళా?

రెండో సదస్సు గాలి మీద జరిగింది. మూడోది కాగితం బరువు మీద. సముద్రం పక్కన కూర్చుని సముద్రం గురించి మాట్లాడడం క్షేమం కాదని నాలుగోదాంట్లో తేలింది. అంతే, సదస్సు మూడు వందల మైళ్ళ అవతల కొండ మీది హోటల్‌కు మకాం మార్చింది. అక్కడ నీళ్ళన్నవి గ్లాసుల్లో తప్ప కనబడవు. తొమ్మిదో ఏట ‘నిచ్చెన’కు నిర్వచనం కుదిరింది. ఎక్కే నిచ్చెనా దిగే నిచ్చెనా ఒకటేనా అన్న చర్చ రేగి పదమూడో ఏట రెండు ఉపసంఘాలు పుట్టాయి. ఆ రెండింటికీ మాటల్లేకపోతే, రాజీ చేయడానికి మూడోది! ఇంతమంది మేధావులకు ఇన్నేళ్ళు పని కల్పించిన అర్జీ ఇంకోటి చూపించండి చూద్దాం?

గట్టు దగ్గర మాత్రం టైరు టైరులాగే ఉంది. పోయిన నెల సరంగు బావమరిది, అదే పడవలో ఇంజన్ డ్రైవరు, పట్టుజారి పడవకూ గట్టుకూ మధ్య పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. పడవ ఇంకో జానెడు ఒరిగి ఉంటే కాలుతో పోయేది కాదు.

ఇంతలో పాతికో సదస్సు వచ్చింది. సరంగుకు సన్మానమట. చరిత్ర ప్రదర్శనలో పెడతాం, ఆ టైరును కూడా పట్టుకురమ్మని లేఖలో రాశారు. ఉన్నదీ పోయిందన్నమాట!

భార్య లేఖను అటూ ఇటూ తిప్పి చూసింది.

“చేయించుకో, వద్దనను. నిచ్చెన లేకుండా మాత్రం నా గడప తొక్కకు. మా తమ్ముడు మళ్ళీ ఆ టైరెక్కడు, నిన్నూ ఎక్కనివ్వను.”

“పడవ మానేస్తే తినేదేంటే?”

“అది కూడా అక్కడే అడుగు.”

టైరును రేవు లారీలో వేసుకుని, ఇద్దరు కళాసీలను వెంటబెట్టుకుని సరంగు కొండెక్కాడు.

హాల్లో ఓడ ఆకారంలో నిలువెత్తు వేదిక కట్టారు. దానికి ఇనుప మెట్లు. రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలు, కాలు జారకుండా మెట్టుకో రబ్బరు పట్టీ. సరంగు ఎక్కుతూ లెక్కపెట్టుకున్నాడు. ఏడు. రేవు గట్టుకు కావలసిందీ ఏడే.

అధ్యక్షులవారు మెడలో పతకం వేశారు. మీ అర్జీ లేకపోతే మేమే లేము, అది తీరిపోకుండా కంటికి రెప్పలా కాపాడుకుంటామని గద్గదంగా సెలవిచ్చారు. చప్పట్లు ఆగాక సరంగు మెల్లగా అడిగాడు.

“ఈ మెట్లు ఎవరు చేయించారండీ?”

“మేమే. పొద్దున చెప్పాం, మధ్యాహ్నానికి బిగించారు.”

“ఏ సదస్సులో తీర్మానం చేశారండీ?”

“మెట్లకు తీర్మానమేంటయ్యా? లేకపోతే పైకెలా ఎక్కుతాం?”

సరంగు దణ్ణం పెట్టి దిగొచ్చాడు. కళాసీల వంక ఒక్క చూపు చూశాడు. అధ్యక్షులవారి ముగింపు ప్రసంగం గంటంబావు సాగింది. నాలుగు బోల్టులు విప్పడానికి అందులో పదోవంతు చాలు. ఆయన ‘జై నౌక’ అనేసరికి మెట్లు లారీలో కొండ దిగుతున్నాయి.

వేదిక మీద పదకొండు మంది పెద్దలు, ఇరవై రెండు మోకాళ్ళు! దూకితే ఎముకలు మిగలవు. అక్కడికక్కడే ఇరవై ఆరో సదస్సు ప్రారంభమయింది. నిచ్చెన కావాలన్న తీర్మానం ఏకగ్రీవంగా, నాలుగు నిమిషాల్లో నెగ్గింది. ఎక్కేదా దిగేదా అని ఒక్కరూ అడగలేదు.

సదస్సులు దండగని ఇంకా ఎవరైనా అంటారా? నాది ఒక చిన్న మనవి. నిచ్చెన లేని రేవులు ఇంకా చాలానే ఉన్నాయి. ఇరవై ఏడోదాన్ని వాటిలో ఒకదాంట్లో పెట్టండి. గట్టు మీద వద్దు. ఆటు వేళ చూసి, పడవలో పెట్టండి.